తొలిరోజు డ్యూటీ

కాగితాల ప్రకారం మకారియో ఆ గోదాము గేటు దగ్గర ఒక్క పూట కూడా కాపలా కాయలేదు. నిజానికి మనిషి ఆరేళ్ళు అక్కడే నిలబడి కాళ్ళలో నరాలు ఉబ్బించుకున్నాడు. కాగితానికీ కాళ్ళకీ మధ్య ఉన్న ఆ తేడా ఇప్పుడు అతని మెడకి చుట్టుకుంది.

స్టేషన్ గోడ మీద గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. మధ్యాహ్నం పన్నెండింటికి ప్రాసిక్యూటర్ వస్తాడు. ఈలోగా మకారియో ఆ గోదాము కాపలాదారేనని తేలకపోతే, నిన్న తెల్లవారుజామున లోపలికి చొరబడిన దొంగ అతనే. ఫౌస్తో అనే కాపలాదారు తల పగలగొట్టి చంపిందీ అతనే. పోలీసులు అలాగే రాశారు. కంపెనీ కూడా అలాగే చెప్పింది. పక్కపక్కన కూర్చుని పరీక్ష రాసిన పిల్లల కాగితాల్లా రెండూ అక్షరం పొల్లు పోకుండా కలిశాయి.

కార్మిక తనిఖీ శాఖ ఇన్‌స్పెక్టర్ డెల్ఫీనా చోకె సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీదుగా మకారియో ముందుకి తోసింది. వేయించిన చిలగడదుంప ముక్కలు పెట్టిన రొట్టె అది, ఇంకా వేడిగానే ఉంది.

"ముందు తిను. తరువాత మాట్లాడదాం."

"వద్దు మేడమ్. చేతికి సిరా ఉంది."

అప్పుడే అతని వేలిముద్రలు తీశారు. బల్ల చివర కూర్చున్న రైటరు సిరా ప్యాడుకి మూత పెడుతూ విసుక్కున్నాడు. "కొత్త ప్యాడు కావాలని అడిగి ఎనిమిది నెలలైంది. పంపితేనా! ఎన్నికలప్పుడు మిగిలిన సిరా సీసా ఒకటి బీరువాలో ఉంటే అదే పోసి నడిపిస్తున్నాను. మూడు రోజులదాకా పోదు. గుడ్డముక్క కూడా లేదు, ఏమనుకోకు."

మకారియో ఏమీ అనుకోలేదు. చూపుడు వేలు చెవి పైకి పోనిచ్చి జుట్టులో రెండుసార్లు రుద్దుకున్నాడు. బ్యాంకులో, రిజిస్ట్రీ ఆఫీసులో, వేలిముద్ర అడిగే ప్రతిచోటా లిమా నగరంలో జనం చేసే పనే అది. డెల్ఫీనా కూడా ఎన్నోసార్లు చేసింది. ఆ తరువాత అతను రొట్టె అందుకుని మూడు ముక్కల్లో మింగేశాడు. నిన్నటినుంచీ ఏమీ పెట్టలేదని వేరే అడగక్కర్లేకపోయింది.

త్రెస్ యావెస్ సెక్యూరిటీ కంపెనీతో ఆమెకి రెండేళ్ళ వైరం. రెండు వందల పద్నాలుగు మంది కాపలాదార్లని ఊరంతా అద్దెకిచ్చి, అంతమందికీ పన్నుతో సహా బిల్లులు వసూలు చేసే ఆ కంపెనీ, ప్రభుత్వానికి చూపించే ఉద్యోగులు ముప్పై ఎనిమిది మంది. మిగతావాళ్ళకి ఆరోగ్య బీమా లేదు, పింఛను లేదు, సెలవు లేదు. కట్టించుకున్న పన్ను ఎవరి ఇంటికి చేరుతోందో అందరికీ తెలుసు, ఏ కాగితంలోనూ ఉండదు. తనిఖీకి వెళ్ళిన ప్రతిసారీ గేటు దగ్గర నిలబడినవాడు ఆ ముప్పై ఎనిమిది పేర్లలో ఒకటి ఠక్కున చెప్పేవాడు. ఆమె తిట్టుకుంటూ తిరిగొచ్చేది.

ఇక చనిపోయినవాళ్ళ సంగతి. ఈ వ్యాపారంలో డ్యూటీలో పోయే ప్రతివాడూ ఉద్యోగంలో చేరిన మొదటి రోజే పోతాడు. జాబితాలో లేనివాడు చస్తే కంపెనీ ఇరుక్కుంటుంది గనక అప్పటికప్పుడు పేరు ఎక్కిస్తారు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో డెల్ఫీనా అలాంటి తొలిరోజు చావులు పదకొండు చూసింది. ఫౌస్తోది పన్నెండోది. నిన్న ఉదయం అయిదూ యాభై రెండుకి కంపెనీ అతని పేరు ఉద్యోగుల జాబితాలో ఎక్కించింది. ఆరూ ముప్పై అయిదుకి అంబులెన్సుకి ఫోన్ చేసింది.

"ఇప్పుడు చెప్పు. మొదట్నించీ, గంటలతో సహా చెప్పు."

"నిన్నటికి ముందు రోజు రాత్రి ఏడింటికి ఇద్దరం ఎక్కాం మేడమ్. నేనూ, ఫౌస్తో. ఆరేళ్ళుగా మా ఇద్దరిదీ జంట. తెల్లారి అయిదు కావస్తుంటే గుండెలో పట్టేసిందన్నాడు. నవ్వుతూనే అన్నాడు. లేవబోయి పడిపోయాడు. ఎడమ కనుబొమ్మ బల్ల అంచుకి కొట్టుకుంది."

"అప్పుడు టైమెంత?"

"అయిదూ అయిదు. వెంటనే రేడియోలో కంపెనీ బేసుకి చెప్పాను. మనిషి ఊపిరి తీసుకుంటున్నాడు, అంబులెన్సు పంపండీ అని. నువ్వేం పిలవకు, మేం వస్తున్నాం అన్నారు. పిలుద్దామన్నా నా దగ్గర ఫోన్ ఏదీ? డ్యూటీ ఎక్కేముందే లాక్కుంటారు కదా."

"ఎవరొచ్చారు?"

"సూపర్‌వైజర్ గర్రీదో. అయిదున్నరకి. కారులో ఇంకెవరో ఉన్నారు, దిగలేదు. గర్రీదో రాగానే, చొక్కా ప్యాంటూ విప్పు, నీ బట్టలేసుకుని ఇంటికి పో, ఇక్కడ మేం చూసుకుంటాం అన్నాడు. ఫౌస్తో నా చెయ్యి వదల్లేదు మేడమ్. నేనే విడిపించుకున్నాను." మకారియో తన చేతి కేసి చూసుకున్నాడు. "బస్సు కోసం నిలబడితే ఏడూ ఇరవైకి పోలీసులొచ్చి పట్టుకున్నారు. గోదాములో దొంగతనానికి దూరావంట కదా అన్నారు. నేను కాపలావాణ్ణి బాబూ అంటే, కాపలా లైసెన్సు కార్డు చూపించమన్నారు."

"నీకు కార్డు లేదు."

"నాకెక్కడిది? రేడియోలో నా పేరు బర్రియెంతోస్. చొక్కా మీద కూడా అదే కుట్టించారు. కార్డు ఆయనది, నిలబడేది నేను. ఎవరో ఏమిటో ఎప్పుడూ చూడలేదు. మంచివాడే అయ్యుంటాడు."

రైటరు కలం ఆగింది. డెల్ఫీనా తల తిప్పి అతని చొక్కా జేబు మీద పేరు చదివింది. సెఫెరినో బర్రియెంతోస్. నలభై దాటిన మనిషి, మెడ ఎర్రబడింది. పోలీసులు సెలవు రోజుల్లో ఇలాంటి కంపెనీలకి తమ పేరు మీదున్న కాపలా కార్డు అరువివ్వడం కొత్తేమీ కాదు. కానీ తన పేరు మోసి మోసి ఉబ్బిపోయిన కాళ్ళు ఎదురుగా వచ్చి కూర్చోవడం మాత్రం కొత్త.

"రాయరేం?" అంది డెల్ఫీనా.

"రాస్తున్నాను మేడమ్," అన్నాడతను, రాయకుండానే.

ఆమె ఒక కాగితం విప్పింది. గోదాము యజమాని నుంచి తెప్పించిన రౌండ్ల పట్టిక అది. కాపలావాడు గంటకోసారి ఒక కడ్డీ పట్టుకుని గోదాము చుట్టూ తిరగాలి. గోడకి ఎనిమిది చోట్ల బిగించిన ఇనప బొత్తాలకి దాన్ని తాకించాలి. తాకిన ప్రతిసారీ కడ్డీలో టైము పడుతుంది. రౌండు మొత్తం ఏడు వందల మీటర్లు.

"మొన్న రాత్రి అన్ని రౌండ్లూ ఉన్నాయి. ఆఖరిది నాలుగూ యాభై ఎనిమిదికి. ఒక్క చిక్కుంది మకారియో. ఎనిమిది బొత్తాలూ పదకొండు సెకన్లలో తాకావు. రెక్కలేమైనా ఉన్నాయా?"

మకారియో ముఖం పాలిపోయింది. హత్య చేశావని అన్నప్పుడు కూడా అంత భయపడి ఉండడు.

"తిరిగాను మేడమ్. ఒట్టు. గబగబా తిరిగాను."

"ఏడు వందల మీటర్లు, పదకొండు సెకన్లలో?"

"...చలిగా ఉంది కదా, పరిగెత్తాను."

డెల్ఫీనాకి ఒళ్ళు మండింది. "ఒరేయ్ పిచ్చోడా! నీ మీద హత్య కేసు పెట్టారు. పన్నెండు దాటితే ఇరవయ్యేళ్ళు లోపలుంటావు. నువ్వు అక్కడ పనిచేశావని రుజువు చేసే ముక్క ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. నువ్వేమో దాన్నే దాస్తున్నావు!"

మకారియో బల్ల కేసి చూస్తూ చెప్పాడు. "కాళ్ళు వాచిపోయేవి మేడమ్. గదిలో కుర్చీ కూడా ఉండనివ్వరు, నిద్రపోతామని. ఒక రోజు ఫౌస్తోనే అన్నాడు, బొత్తాల దగ్గరికి మనం పోయే బదులు బొత్తాల్నే మన దగ్గరికి తెచ్చుకుంటే పోలా అని. ఊడదీసి చెక్కకి అంటించాం. బల్ల కింద అడుగున మేకులకి తగిలించి ఉంటుంది. వంగి తల లోపలికి పెడితే గానీ కనపడదు." అతను రెండు చేతులూ జోడించాడు. "కంపెనీకి మాత్రం చెప్పకండి. ఉద్యోగంలోంచి తీసేస్తారు."

ఏ ఉద్యోగం అని అడగబోయి డెల్ఫీనా ఊరుకుంది. ఓరకంటితో రైటరుని చూసింది. చెక్క సంగతి అతను పూర్తిగా విన్నాడు, కానీ కలం ముట్టుకోలేదు. లేచి టెలిఫోను దగ్గరికి వెళతాడేమోనని ఒక నిమిషం చూసింది. అతను కూర్చునే ఉన్నాడు.

తొమ్మిదీ ఇరవై అయిదుకి ఆమె గోదాము దగ్గర దిగేసరికి సూపర్‌వైజర్ గర్రీదో గేటు గదికి కొత్త తాళం వేయిస్తున్నాడు. బక్కపల్చటి మనిషి. బూట్లు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి.

"మళ్ళీ మీరా మేడమ్? మొన్నే కదా వచ్చి వెళ్ళారు."

"మొన్న బతికున్నవాళ్ళ కోసం వచ్చాను. డ్యూటీ పుస్తకం చూపించు."

సంతోషంగా చూపించాడు. అట్ట నలగని కొత్త పుస్తకం. మొదటి పేజీలో నిన్నటి తేదీ, దాని కింద ఒకే ఒక్క పద్దు: ఫౌస్తో కాయో, చేరిక, ఉదయం ఆరు గంటలు.

"పాత పుస్తకం?"

"ఎలుకలు కొట్టేశాయి."

"ఎలుకలు తేదీలు చూసి కొరుకుతాయన్నమాట. అతను ఆరింటి డ్యూటీకి అయిదింటికే ఎందుకొచ్చాడు?"

"తొలిరోజు ఉత్సాహం మేడమ్. పాపం."

"నిన్నటిదాకా ఇక్కడెవరున్నారు?"

"బర్రియెంతోస్. కార్డున్న మనిషి. నిన్న సెలవు పెట్టాడు."

"ఒక్కడేనా? పన్నెండు గంటలూ, వారంలో ఏడు రోజులూ, ఆరేళ్ళూ?"

"గట్టి మనిషి మేడమ్," అన్నాడు గర్రీదో, రెప్ప వాల్చకుండా.

ఆమె గోడ వెంట నడిచింది. పట్టికలో మొదటి బొత్తం నీళ్ళ పంపు పక్కన ఉండాలి. అక్కడ గోడ నున్నగా ఉంది. అరచేత్తో తడిమితే నాణెమంత మేర కొంచెం గుంటగా తగిలింది. తాళంచెవి మొనతో గీరింది. పైన గోధుమ రంగు పొర రాలింది, దాని కింద ఆకుపచ్చ, దాని కింద గుంటని పూడ్చిన సున్నం.

"ఈ గోడకి రంగు ఎప్పుడు వేశారు?"

"అందరిలాగే జూలైలో. జాతీయ పండగకి ముందు వేయకపోతే మునిసిపాలిటీ జరిమానా వేస్తుంది కదా."

"పోయినేడాది ఏ రంగు?"

"ఆకుపచ్చ. యజమానికి నచ్చలేదు. ఈ ఏడు మార్చారు." అప్పటిదాకా తేలిగ్గా చెబుతున్న గర్రీదో ఆమె తాళంచెవి కింద రాలిన పొడి చూసి ఆగాడు. "ఎందుకు?"

ఎనిమిది చోట్లా అదే గుంట, అవే రెండు పొరలు. రాలిన పొడిని ఆమె ఒక కవర్లోకి తీసుకుంది. ఎవరో బొత్తాలు ఊడదీసి, గుంటలు పూడ్చి, ఆ తరువాత రెండు జూలైలు గడిచాయి. గర్రీదోకి ఆ బొత్తాల సంగతి తెలియదు. అది ఆమెకి అతని ముఖంలోనే కనిపించింది. పట్టికలో టైములు పడుతున్నంత కాలం ఈ పెద్దమనిషి ఒక్కసారి కూడా గోడ చుట్టూ తిరిగి చూడలేదు. పుస్తకం మార్చాడు, చొక్కాలు పట్టుకుపోయాడు, నేల కడిగించాడు. కాపలావాళ్ళు కంపెనీకి భయపడి దాచుకున్నది మాత్రం కంపెనీ చేతికి చిక్కలేదు.

ఆమె గేటు గదిలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. యాభై రెండేళ్ళ మోకాళ్ళు గట్టిగానే తిట్టాయి. తల బల్ల కిందకి పోనిచ్చి చెయ్యి పెడితే మేకులకి తగిలించిన చెక్క తగిలింది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు. తారుతో అంటించిన ఎనిమిది బొత్తాలు, ఒక్కోదాని కింద పెన్సిలుతో ఒక్కో పేరు.

అంకెలు కావవి. నీళ్ళు కారే చోటు. పిల్లి ఈనిన మూల. పళ్ళూడిన కిటికీ. ముసలాయన ఉచ్చపోసుకునే గోడ. నాలుగు పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతో వంకరగా ఉన్నాయి. పొద్దున మకారియో వాంగ్మూలం కింద చూసిన రాతే అది. మిగతా నాలుగూ సన్నగా, కుడికి వాలి ఉన్నాయి. ఆమె సంచిలోంచి ఫౌస్తో కాంట్రాక్టు జిరాక్సు తీసి, దానికి గుచ్చిన, అతను ఎప్పుడో చేత్తో రాసిచ్చిన తేదీ లేని దరఖాస్తుని చెక్క పక్కన పెట్టింది. అదే వాలు.

తొలిరోజున చేరినవాడు రెండు జూలైల కిందటే ఇక్కడి మూలలకి పేర్లు పెట్టాడు. ఇద్దరు మగాళ్ళు చలికి వణుకుతూ, కుర్చీ లేని గదిలో, పిల్లి ఈనిన మూల అని రాసుకుని నవ్వుకున్నారు. డెల్ఫీనాకి కళ్ళు చెమర్చాయి. ఆ తడికి ఆమెకే కోపం వచ్చింది.

"అదేంటి మేడమ్?" గర్రీదో గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "కంపెనీ ఆస్తి అది. ఇలా ఇవ్వండి."

"మీ కంపెనీ ఆస్తి అయితే, అంటించిన వాళ్ళు మీ కంపెనీ మనుషులే కదా? అవునంటే ఇచ్చేస్తాను. అను."

గర్రీదో పక్కకి తప్పుకున్నాడు. ఆమె వీధి మలుపు తిరిగేలోపే అతను ఫోన్ చెవిన పెట్టుకోవడం కనిపించింది.

పదకొండూ ఇరవైకి స్టేషన్లో అడుగుపెట్టేసరికి కెప్టెన్ సలవెర్రి ఆమె కోసమే కాచుకుని ఉన్నాడు. నిన్న మకారియోని పట్టుకురమ్మన్నదీ, హత్య అని రాయించిందీ ఈయనే. అయిదేళ్ళ క్రితం ఒక క్లబ్బు కాపలాదార్ల కేసులో ఇద్దరికీ మాటామాటా వచ్చింది. అప్పటినుంచి ఎదురుపడ్డప్పుడల్లా గారూ, గారూ అంటూ ఒకళ్ళనొకళ్ళు గోకుతూనే ఉన్నారు.

"రండి డెల్ఫీనా గారూ. చీపురుపుల్లలు, చెక్కముక్కలు ఏరుతున్నారట. జీతం చాలడం లేదా?"

"చాలుతోంది కెప్టెన్ గారూ. నాకు పైసంపాదన అలవాటు లేదు."

అతను నవ్వాడు. ఆమె చెక్క బల్ల మీద పెట్టి, పక్కన పట్టిక పరిచింది.

"మీ దొంగగారు తెల్లవారి నాలుగూ యాభై ఎనిమిదికి కంపెనీ రౌండు శ్రద్ధగా పూర్తిచేశారు. అయిదూ అయిదుకి రేడియోలో సాయం అడిగారు. రెండు జూలైల కిందటే బొత్తాలకి పేర్లు పెట్టుకున్నారు. ఇంత ఓపికున్న దొంగని ఎక్కడ దొరకబుచ్చుకున్నారు?"

సలవెర్రి చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. రంగు పొడి ఉన్న కవరు చూశాడు. రాతలు పోల్చాడు. తెలివైనవాడు. ఎక్కడ వాదించాలో, ఎక్కడ వదిలేయాలో తెలిసినవాడు.

"సరే. కాపలావాడే అనుకుందాం. శవపరీక్ష కాగితం ఇందాకే వచ్చింది. గుండెపోటట, దెబ్బ పడిపోవడం వల్లేనట. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. మీ మకారియోని వదిలేస్తాను. కంపెనీ మీద మీ శాఖ తరఫున జరిమానా మీరు వేసుకోండి. ప్రాసిక్యూటర్‌ని ఇంత ఎండలో రప్పించడం ఎందుకు? కేసు మూసేద్దాం."

ఇంత సులువుగానా అనుకుంది డెల్ఫీనా. ఆ కాగితం తీసుకుని చదివింది. శవపరీక్ష చేసిన డాక్టర్ నెల్బా ఏదీ వదిలే మనిషి కాదు. మరణం ఉదయం అయిదుకీ ఆరున్నరకీ మధ్య, అంతకంటే కచ్చితంగా చెప్పలేం. కుడి చూపుడు వేలికి ఊదారంగు సిరా. కుడి చెవి పైన జుట్టులో అదే రంగు మరక, ఆ వెంట్రుకలు కత్తిరించి కవర్లో భద్రపరిచాం.

"ఈ జుట్టులో మరకేమిటి?"

సలవెర్రి కాగితం అందుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. "ఏముంది? మొన్న సాయంత్రం కంపెనీ ఆఫీసులో కాంట్రాక్టు మీద వేలిముద్ర వేశాడు. వేలు జుట్టుకి తుడుచుకున్నాడు. ఎవరు తుడుచుకోరు? మీరు తుడుచుకోరూ?"

అంటే శవం చేత వేలిముద్ర వేయించారని ఆమె అనబోయే మాట అక్కడే తెగిపోయింది. శవం వేలు తుడుచుకోదు. తుడుచుకున్నాడంటే బతికుండగానే ముద్ర వేశాడు. బతికుండగా వేశాడంటే కంపెనీ చెప్పేదే నిజమవుతుంది. ఆమె దగ్గరున్నది నలుపు తెలుపు జిరాక్సు. అందులో సిరా రంగు తెలియదు.

సలవెర్రి లేచి టోపీ పెట్టుకున్నాడు. వెళుతూ వెళుతూ రైటరుతో అన్నాడు. "బర్రియెంతోస్, ఇన్‌స్పెక్టర్ గారి సంతకం తీసుకుని అతన్ని వదిలేయ్. కాసేపు ఆగి పంపించు. తలనిండా పేలు, లాకప్ అంతా పాకించాడు. గొరిగించి పంపమని వెనక చెబుతాను."

ఇంత ఘోరం చేసి పేల సంగతి గుర్తుపెట్టుకున్నాడని ఆమెకి చీదర పుట్టింది. అయినా ప్రాణం తేలిక పడింది. మకారియో ఇంటికి పోతాడు. దానికోసమే కదా పొద్దున్నుంచీ ఈ తిప్పలు.

బర్రియెంతోస్ విడుదల కాగితం ముందు పెట్టాడు. ఆమె సంతకం చేసింది.

"వేలిముద్ర కూడా వేయండి మేడమ్."

"హామీదారుకి సంతకం చాలుగా?"

"చాలు." అతను తలెత్తలేదు. ప్యాడు మూత తీసి ఆమె వైపు జరిపాడు. "అయినా వేయండి."

ఆమె వేసింది. గుడ్డ కోసం చూసింది. లేదు. అలవాటుగా చెయ్యి దానంతటదే చెవి పైకి లేచింది. వేలు జుట్టుకి తగలబోయే ముందు ఆమె కంటి పక్కన ఆ రంగు కనపడింది.

ఊదా.

చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. ఏ ఆఫీసు ప్యాడులోనైనా నల్ల సిరా ఉంటుంది. ఎన్నికల సిరా పోసుకున్న ప్యాడు ఇదొక్కటే.

"ఈ ప్యాడు మొన్న సాయంత్రం ఎక్కడుంది?"

"ఈ బల్ల మీదే."

"నిన్న పొద్దున?"

బర్రియెంతోస్ గొంతు బాగా తగ్గించాడు. "కెప్టెన్ గారు అయిదూ ఇరవైకి పట్టుకెళ్ళారు. ఏడింటికి తెచ్చారు. నా పేరు వేసుకుని నిలబడ్డవాడు మేడమ్... నిన్నటినుంచీ నాకు అన్నం దిగడం లేదు."

కారులోంచి దిగని మనిషి. అయిదూ యాభై రెండు. ఆరూ ముప్పై అయిదు. ఫౌస్తో నేల మీద పడున్నాడు, ఊపిరి తీసుకుంటున్నాడు. వాళ్ళిద్దరూ వంగి అతని వేలు ప్యాడుకి అద్దారు, కాంట్రాక్టు మీద నొక్కారు. సాయం చేయడానికే వచ్చారనుకుని ఉంటాడు. ఆ తరువాత వేలు జుట్టుకి తుడుచుకున్నాడు, బ్యాంకులో తుడుచుకున్నట్టే. అతని పేరు జాబితాలో ఎక్కాక కూడా నలభై మూడు నిమిషాలు అంబులెన్సుని పిలవలేదు. బతికితే మాట్లాడతాడు కదా. ముందు ఉద్యోగిని చేశారు, తరువాత చావనిచ్చారు. వాళ్ళిద్దర్నీ ఆ క్షణంలో చేతులతో చంపగలననిపించింది డెల్ఫీనాకి.

వెనక పెరట్లోంచి జుయ్యిమంటూ చప్పుడు మొదలైంది. జుట్టు కత్తిరించే మిషను.

పేలు!

మకారియో తలలో పేలెక్కడివి? అతని కుడి చెవి పైన ఉన్నది ఈ ప్యాడు సిరా. ఫౌస్తో వెంట్రుకల పక్కన పెట్టి పోల్చడానికి ఈ స్టేషన్ ముద్ర వేసిన సాక్ష్యం అది. ప్యాడు సాయంత్రానికి మాయం చేయొచ్చు, సీసా పగలగొట్టొచ్చు. ఆ మరకని మాత్రం ఇప్పుడే, ఆమె కళ్ళెదుటే, నియమం ప్రకారం గొరిగేస్తున్నారు. ప్యాడు మూత పెట్టి సంచిలో పడేసుకుని ఆమె పరిగెత్తింది. బర్రియెంతోస్ ఆపలేదు.

పెరట్లో మకారియో బోర్లించిన బకెట్టు మీద బుద్ధిగా తల వంచుకుని కూర్చున్నాడు. కానిస్టేబులు ఎడమ వైపు మొదలుపెట్టి నడినెత్తి దాకా వచ్చాడు. డెల్ఫీనా వెళ్ళి మిషనుకి అడ్డంగా చెయ్యి పెట్టి, మకారియో కుడి చెవి పైన జుట్టుని అరచేత్తో కప్పేసింది. మిషను పళ్ళు మణికట్టు మీద గీసుకుని రక్తం చిమ్మింది.

"ఆపు! ఇతన్ని వదిలేశారు. నా సంతకం అయిపోయింది. ఇంకొక్క వెంట్రుక తీశావో, నీ పేరు కూడా ఆ కాగితంలో ఎక్కిస్తాను."

కానిస్టేబులు బిత్తరపోయి మిషను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో వెనక తలుపు మూసుకున్న చప్పుడు, ఆ వెంటనే గడియ పడిన చప్పుడు వినిపించాయి. సలవెర్రి ఇవతలి వైపే ఉన్నాడు. టోపీ తీసి గోడకున్న కొక్కేనికి తగిలించాడు. ఆమె వేలి కేసి చూశాడు, ఆ తరువాత సంచి కేసి చూశాడు.

"డెల్ఫీనా గారూ, ఆ ప్యాడు స్టేషన్ సొత్తు."

వీధిలోకి పోయే దారి అతని వెనకున్న తలుపొక్కటే. పెరటి గోడ రెండు నిలువుల ఎత్తు. పన్నెండు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ప్రాసిక్యూటర్ వస్తాడో, వద్దని అప్పుడే కబురు వెళ్ళిపోయిందో ఆమెకి తెలియదు.

ఆమె అరచెయ్యి కిందనుంచే మకారియో సగం గొరిగిన తల కొంచెం ఎత్తి, కెప్టెన్‌కి వినపడకుండా గుసగుసగా అడిగాడు.

"మేడమ్, చెక్క సంగతి కంపెనీకి చెప్పలేదు కదా? ఫౌస్తో కూడా లేడు. ఈ రాత్రి డ్యూటీకి నేను పోకపోతే గేటు దగ్గర ఎవరూ ఉండరు."